గుమ్మం ముందుకు వచ్చిన నర్సుకు ఏం చెప్పాలి, ఏం అడగాలి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. మావారి ఉద్యోగం వల్ల ఎనిమిదేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాము. డెబ్బై నాలుగేళ్ల మా అత్తగారు రెండేళ్ల క్రితం మా దగ్గరికి వచ్చేశారు. ఆమెకు సుగరు, బీపీ ఉన్నాయి. ప్రైవేటు డాక్టరు రాసిన మాత్రలు వాడతారు కానీ, కాస్త కుదుటపడగానే మానేస్తారు. ఈమధ్య కార్పొరేషన్ తరఫున వచ్చానంటూ ఒకామె ఇంటి దగ్గరే బీపీ, సుగరు చూసి, ఇకమీదట నెలనెలా మాత్రలు తెచ్చి ఇస్తానన్నారు. వారం తిరక్కుండా ఇంకొక నర్సు వచ్చి, కాన్పుకని విజయవాడ నుంచి వచ్చిన మా అమ్మాయి వివరాలు రాసుకుంటానన్నారు. అమ్మాయికి అయిదో నెల. కాన్పు ప్రైవేటు ఆస్పత్రిలో చేయించాలనుకుంటున్నాము. ఆధారు, ఫోను నంబరు ఎవరికీ ఇవ్వవద్దని మా అల్లుడు అంటున్నారు. ఉచితంగా ఇచ్చే మాత్రల్లో పస ఉండదని మావారి వాదన. మా రేషను కార్డు ఇంకా ఆంధ్రాలోనే ఉంది. వీళ్లను నమ్మవచ్చా? వివరాలు ఇస్తే మాకు ఒరిగేదేమిటి? గర్భిణులకు పద్దెనిమిది వేలు ఇస్తారని పక్కింటివాళ్లు అంటున్నారు, నిజమేనా? వచ్చినప్పుడల్లా వాళ్లకు ఏమైనా ఇవ్వాలా? (పెరంబూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ ఇంటికి వచ్చిన ఇద్దరూ ఒకే శాఖ మనుషుల్లా కనిపించినా, వారి పనులు వేరు, వారు మీకు చేయగలిగిన మేలు కూడా వేరు. మీ ఇంట్లో జరుగుతున్న వాదనలో సగం ఆ తేడా తెలియకపోవడం వల్ల వచ్చినదే అనిపిస్తోంది.

మొదట వచ్చినామె “మక్కళై తేడి మరుత్తువం” అనే తమిళనాడు ప్రభుత్వ పథకంలో పనిచేసే మహిళా ఆరోగ్య వాలంటీరు అయి ఉంటారు. 2021 ఆగస్టు 5న, మన భాష మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్న కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి అనే ఊళ్లో ఈ పథకం మొదలైంది. సుగరు, బీపీ ఉన్నవారికి ఇంటి దగ్గరే కొలతలు తీసి మాత్రలు అందించడం దీని ప్రధానమైన పని. మంచం పట్టినవారికి ఉపశమన చికిత్స నర్సు, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పినవారికి ఫిజియోథెరపిస్టు, ఇంటి దగ్గరే పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవారికి అందుకు కావలసిన ద్రవపు సంచులు కూడా ఇదే పథకం కింద వస్తాయి. ఈ వాలంటీర్లు ఎక్కువగా మహిళా స్వయం సహాయక బృందాల నుంచి వచ్చి శిక్షణ పొందినవారే తప్ప నర్సులు కారు. కొలవడం, రాసుకోవడం, డాక్టరు ఖరారు చేసిన మాత్రలు అందించడం, కొలతలు తేడాగా కనిపిస్తే ఆస్పత్రికి పంపడం వరకే వారి అధికారం.

రెండోసారి వచ్చినవారు అర్బన్ హెల్త్ నర్సు. మన ఊళ్లలో ఏఎన్ఎం అంటామే, ఆ హోదా. పల్లెల్లో ఇదే పనిచేసేవారిని ఇక్కడ విలేజ్ హెల్త్ నర్సు అంటారు. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 10,000 జనాభాకు ఒక ఏఎన్ఎం ఉండాలి. పదివేల మందిలో గర్భిణులెవరు, బాలింతలెవరు, ఏ బిడ్డకు ఏ టీకా మిగిలింది అన్నది ఒక్క మనిషి గుర్తు పెట్టుకోవలసి రావడమంటే ఏమిటో, మీ అపార్ట్‌మెంటులోని ఇళ్ల సంగతులే గుర్తు పెట్టుకోలేని మనబోటివాళ్లం ఊహించుకోవలసిందే. ఆమె చేతిలో ఉన్న రిజిస్టరు, ఫోనులో ఉన్న యాప్ ఆమె పనికి అదనపు భారం కావచ్చు కానీ, అవి లేనిదే ఆమె పని నడవదు.

ఇక నమ్మకం సంగతి. మీ అల్లుడుగారి జాగ్రత్తను నేను తప్పుపట్టను. ఆరోగ్య శాఖ పేరు చెప్పి మోసాలు చేసేవారు లేకపోలేదు. కాబట్టి గుర్తింపు కార్డు చూపించమనండి, ఏ ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చారో, మీ వార్డు నంబరు ఎంతో అడగండి. నిజమైన మనిషి ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు. అయినా సందేహం తీరకపోతే ఆ కేంద్రానికి మీరే ఒకసారి వెళ్లి కనుక్కోవచ్చు, లేదా చెన్నై కార్పొరేషన్ వారి 1913 నంబరుకు ఫోను చేయవచ్చు. వారు డబ్బు అడగకూడదు, బ్యాంకు వివరాలు అడగకూడదు. ఫోనుకు ఓటీపీ వస్తే, ఆ సందేశం ఎవరి నుంచి వచ్చిందో, దేనికోసమో పూర్తిగా చదివిన తరువాతే చెప్పండి. ఆరోగ్య ఖాతా సంఖ్య, అంటే ‘ఆభా’, తీసుకోవడం మన ఇష్టం మీద ఆధారపడినది. అది లేదన్న కారణంతో టీకాలూ మాత్రలూ ఆగవు. ఇంత జాగ్రత్త పడ్డ తరువాత కూడా పేరు, వయసు, చిరునామా, ఫోను నంబరు దాచుకోవడంలో అర్థం లేదు. అవి లేకపోతే వచ్చే నెల ఆమె ఎవరిని వెతుక్కుంటూ రావాలి?

రేషను కార్డు గురించి బెంగ పెట్టుకోకండి. ఆరోగ్య కేంద్రంలో డాక్టరు పరీక్షకు, టీకాలకు, గర్భిణి నమోదుకు మీ కార్డు ఏ రాష్ట్రానిదని చూడరు. కార్డు, ఆదాయం అవసరమయ్యేది ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమాకు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆ బీమాను తమిళనాడు నివాసులకు, అదీ ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబాలకే ఇస్తారు. మీరు ఇక్కడే ఉండదలచుకుంటే కార్డు మార్పించుకోవడం గురించి ఆలోచించండి, అత్తగారి వయసులో ఆ అవసరం ఎప్పుడు పడుతుందో చెప్పలేము.

మాత్రల్లో పస ఉండదన్న మీవారి మాటతో నేను ఏకీభవించను. తమిళనాడు ప్రభుత్వ ఆస్పత్రులకు మందులు కొనే పని 1994లో ఏర్పడిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్‌ది. కంపెనీ పెట్టుకున్న పేరుతో కాకుండా మందు అసలు పేరుతో, పెద్ద మొత్తంలో టెండరు పిలిచి కొంటారు. వచ్చిన సరుకును బ్యాచిల వారీగా ప్రయోగశాలల్లో పరీక్షకు పంపిన తరువాతే ఆస్పత్రులకు విడుదల చేస్తారు. ఆ పద్ధతిని ఇతర రాష్ట్రాలు వచ్చి చూసి నేర్చుకున్నాయి. ధర తగ్గింది కదా అని గుణం తగ్గిందనుకోవడం మెడికల్ షాపు రసీదు మనకు నేర్పిన అలవాటు.

అయితే మీ ఇంట్లో ఉన్న అసలు ప్రమాదాన్ని మీరు ఉత్తరంలో ప్రస్తావించలేదు. మీవారు మాత్రల నాణ్యత గురించి వాదిస్తున్నారు కానీ, నేను భయపడేది అత్తగారు రెండు రకాలూ కలిపి వేసుకుంటారేమోనని. ప్రైవేటు డాక్టరు రాసిన మాత్రకు కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది, ప్రభుత్వ మాత్ర మీద మందు పేరే ఉంటుంది. రంగు వేరు, అట్ట వేరు, లోపల ఉన్నది మాత్రం ఒకటే కావచ్చు. సుగరుకు సాధారణంగా ఇచ్చే మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ వంటివి రెండు చోట్లా ఉంటాయి. ఒకటి పొద్దున, ఇంకొకటి రాత్రి అనుకుని రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపు అవుతుంది. ముఖ్యంగా గ్లిమిపిరైడ్ ఎక్కువైతే రక్తంలో సుగరు పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. పెద్ద వయసువారిలో దీన్ని నీరసమనో నిద్రమత్తనో పొరబడి పడుకోబెట్టేస్తారు, అది ప్రాణాలకే ముప్పు. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్లీ సుగరు చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి.

కాబట్టి ఈ వారంలోనే ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న అట్టలన్నీ, పాత చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని, అత్తగారిని మీ వార్డు ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు దగ్గరికి ఒకసారి తీసుకువెళ్లండి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో డాక్టరు చీటీ మీద రాసి ఇస్తారు. ఆ తరువాత వాలంటీరు తెచ్చేవి ఆ చీటీ ప్రకారమే ఉండాలి. ప్రైవేటు డాక్టరు మీదే గురి ఉంటే ఆయన దగ్గరే కొనసాగండి, అందులో తప్పేమీ లేదు, కానీ ఆ సంగతి వాలంటీరుకు చెప్పి, ఆమె చేత కొలతలు మాత్రం తీయించుకోండి. ఎవరికీ చెప్పకుండా రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే కూడదు.

డాక్టరును కలిసినప్పుడు అడగవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. వేలు గుచ్చి చూసే పరీక్ష ఆ క్షణంలో సుగరు ఎంత ఉందో మాత్రమే చెబుతుంది. మూడు నెలల సగటు తెలిపే పరీక్ష, మూత్రంలో ప్రొటీను పోతోందేమో చూసే పరీక్ష, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా వేళకు జరగాలి. పాదాల్లో స్పర్శ తగ్గిందేమో చూడాలి. ఏడాదికి ఒకసారి కంటి లోపలి పొర చూపించుకోవాలి. ఇందుకు ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆస్పత్రికి పంపమని అడగవచ్చు. 1819లో మొదలైన ఆ ఆస్పత్రి ప్రపంచంలోని అతి పాత కంటి ఆస్పత్రులలో ఒకటి, మీకు దూరం కూడా కాదు.

ఇంటి దగ్గర బీపీ చూసేటప్పుడు అత్తగారిని అప్పుడే వంటగదిలో నుంచి లేపుకుని రాకండి. అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, మాట్లాడకుండా కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి చూడాలి. అంతకు ముందు అరగంట కాఫీ తాగకూడదు. వచ్చినామె తమిళంలో అడిగినప్పుడు, ఇంటికి ఎవరో వచ్చారన్న మొహమాటంతో అత్తగారు అన్నిటికీ తల ఊపే అవకాశం ఉంది కనుక, మీరు పక్కన కూర్చుని, నిన్న మాత్ర వేసుకున్నారో లేదో ఉన్నదున్నట్టు చెప్పండి. మానేసిన మాత్రను వేసుకున్నట్టు చెబితే, పెరిగిన బీపీని చూసి డాక్టరు మోతాదు పెంచుతారు. అప్పుడు నష్టం ఎవరికి?

వివరాలు ఇస్తే ఒరిగేదేమిటని అడిగారు. ఈ ప్రశ్నకు జవాబు ఈ నగరంలోనే దొరికింది. 1956లో మద్రాసు చేట్‌పట్‌లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రాన్ని పెట్టారు. అప్పట్లో క్షయ వస్తే నెలల తరబడి శానిటోరియంలో, అంటే క్షయ రోగుల ప్రత్యేక ఆస్పత్రిలో ఉంచి, మంచి తిండి, విశ్రాంతి ఇవ్వాలన్నది వైద్యుల నమ్మకం. దేశంలో రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో ఉన్న రోజులవి. రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును శానిటోరియంలోను, రెండో జట్టును వారి ఇరుకు ఇళ్లలోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఇంటి దగ్గర చికిత్స పొందినవారు, తిండి తక్కువైనా, పనికి వెళ్లవలసి వచ్చినా, దాదాపు శానిటోరియం వారంత బాగానే కోలుకున్నారు. ఇంట్లోవారికి జబ్బు సోకడం కూడా ఎక్కువ కాలేదు. అయితే మందులు చేతిలో పెట్టి వదిలేయలేదు. సిబ్బంది చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మిగిలిన మాత్రలు లెక్కపెట్టారు, మూత్రం పరీక్షించి మందు వేసుకున్నదీ లేనిదీ చూశారు. ప్రపంచంలో క్షయ చికిత్స ఆస్పత్రి మంచం నుంచి ఇంటికి మారడానికి ఆ అధ్యయనం దారి తీసింది.

మీ అత్తగారి సుగరు, బీపీ అంటుకునేవి కావు కానీ, అవి కూడా ఏళ్ల తరబడి మాత్ర వేసుకోవలసినవే, కాస్త బాగున్నట్టు అనిపించగానే మానేసే జబ్బులే. మీరు ఇంత ప్రేమగా చూసుకుంటున్నా ఆమె మానేస్తున్నారు. నెలకోసారి బయటి మనిషి వచ్చి, కిందటి నెల అట్టలో ఎన్ని మిగిలాయో చూసి అడిగితే, కోడలు అడిగినప్పుడు లేని భయం కాస్త ఉంటుంది. ఆ లెక్క చూడడానికే రిజిస్టరులో పేరు ఉండాలి.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. ఇక్కడ నమోదు మీ ఇష్టాయిష్టాలకు వదిలేసిన విషయం కాదు. తమిళనాడులో ప్రతి గర్భిణినీ పిక్మీ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేసి ఆర్‌సీహెచ్ సంఖ్య ఇస్తారు. ప్రసవం ప్రైవేటు ఆస్పత్రిలో జరిగినా, బిడ్డ జనన ధ్రువపత్రానికి ఆ సంఖ్య అడుగుతారు. కాన్పయ్యాక, పచ్చి బాలింతను ఇంట్లో పెట్టుకుని దాని కోసం తిరగడం కంటే ఇప్పుడే తీసుకోవడం తేలిక. విజయవాడలో ఏఎన్ఎం ఇప్పటికే నమోదు చేసి ఉంటే, తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద ఆ సంఖ్య ఉంటుంది. దాన్ని నర్సుకు చూపించండి, దానితోనే ఇక్కడ కొనసాగించాలో, కొత్తగా రాయాలో ఆమె చూసుకుంటారు. ఆ కార్డు విజయవాడలోనే మరిచిపోయి ఉంటే, అల్లుడుగారిని ముందు అది పంపమనండి.

నర్సు చేత నమోదు చేయించుకున్నంత మాత్రాన ప్రభుత్వ ఆస్పత్రిలోనే పురుడు పోసుకోవాలని లేదు. ప్రైవేటు డాక్టరు చూసే పరీక్షలు ఆమె కూడా అడుగుతారు, ఫలితాలు చూపిస్తే చాలు. ఒక్క పరీక్ష గురించి మాత్రం ప్రత్యేకంగా చెబుతాను, నాయనమ్మకు సుగరు ఉంది కనుక. అన్నం తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తరువాత రక్తంలో సుగరు చూస్తారు. 140 లేదా అంతకు మించితే గర్భిణికి వచ్చే సుగరుగా పరిగణిస్తారు. పరగడుపున రమ్మంటే పేద గర్భిణులు మళ్లీ రారని గ్రహించి ఈ సులువైన పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారు చెన్నైకి చెందిన మధుమేహ వైద్యులు శేషయ్యగారు. ఇప్పుడు దేశమంతటా ప్రభుత్వ కేంద్రాల్లో ఇదే పద్ధతి. మొదటిసారి బాగానే ఉన్నా, 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయాలి. మీ అమ్మాయికి ఆ సమయం దగ్గరపడుతోంది.

నర్సు ఇచ్చే ఐరన్ మాత్రలు, క్యాల్షియం మాత్రలు ఒకేసారి వేసుకోకూడదు, కాఫీ టీలతో అసలే కూడదు. తలనొప్పి తగ్గకపోవడం, కళ్లు మసకబారడం, ముఖం వాయడం, రక్తస్రావం, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా నర్సు వచ్చేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అత్తగారికి గుండెలో నొప్పి, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం వంటివి వచ్చినా అంతే. ఇంటికి వచ్చే వైద్యం అత్యవసరానికి పనికిరాదు.

బిడ్డ పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల లోపు హెపటైటిస్ బీ టీకా ఆస్పత్రిలోనే వేయించాలి. ఆపైన 6, 10, 14 వారాలకు వేసేవి తమిళనాడులో బుధవారాల్లో వేస్తారు. మూడో నెలకో అయిదో నెలకో మీ అమ్మాయి అత్తవారింటికి వెళ్లిపోతుంది, సరిగ్గా అక్కడే టీకాలు తప్పిపోతుంటాయి. ఇక్కడి నర్సు బిడ్డ పేరు కొట్టేయదు కానీ, అక్కడి ఏఎన్ఎంకు బిడ్డ వచ్చిన సంగతి తెలియదు. బయలుదేరే ముందు ఇక్కడ చెప్పండి, చేరగానే అక్కడ చెప్పండి, కార్డు పెట్టెలో అడుగున కాకుండా చేతిసంచిలో పెట్టండి. టీకాలు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే.

పద్దెనిమిది వేల రూపాయల మాట అబద్ధం కాదు కానీ, అది మీ అమ్మాయికి వర్తించదు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ప్రసూతి సాయం పథకం 1987లో 300 రూపాయలతో మొదలై, 2018 నాటికి 18,000 అయింది. అందులో 14,000 విడతలుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది, మిగిలినది రెండు పోషకాహార కిట్ల రూపంలో వస్తుంది. ఇక్కడి పేద కుటుంబాల్లో, పందొమ్మిదేళ్లు నిండి, మొదటి రెండు కాన్పులకు ప్రభుత్వ వైద్యాన్ని ఆశ్రయించే తల్లుల కోసం ఉద్దేశించిన సొమ్ము అది. ఆ పథకానికి పేరిచ్చిన ముత్తులక్ష్మి రెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో సభ్యురాలై, తరువాత 1954లో అడయారు క్యాన్సర్ ఆస్పత్రిని నెలకొల్పినవారు. మీకు ఇప్పిస్తామని ఎవరైనా ముందుగా ఖర్చులకు డబ్బు అడిగితే మాత్రం తలుపు వేసేయండి.

చివరగా, వచ్చినవారికి ఏమైనా ఇవ్వాలా అని అడిగారు. ఇవ్వవద్దు. డబ్బుగాని చీరగాని ఇస్తే, ఇవ్వలేని ఇంటి ముందు ఆమె ఆగే తీరు మారిపోతుంది. వాలంటీర్లకు వచ్చేది కొద్దిపాటి గౌరవ వేతనమే, దాన్ని పెంచవలసింది ప్రభుత్వం తప్ప మీరు కాదు. మీరు చేయగలిగినది వేరే ఉంది. పెద్ద పెద్ద అపార్ట్‌మెంటుల్లో వాచ్‌మన్ వీరిని గేటు దగ్గరే ఆపేసి, “ఇక్కడ రోగులెవరూ లేరు” అని పంపించేయడం మామూలే. మీ అసోసియేషన్ సమావేశంలో ఈ సంగతి ప్రస్తావించి, గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపేలా, లిఫ్టు వాడుకోనిచ్చేలా చెప్పించండి. పై అంతస్తుల్లో ఒంటరిగా ఉంటున్న పెద్దవారి ఫ్లాటు నంబర్లు మీకు తెలిసే ఉంటాయి. వారిని అడిగి, సరేనన్నవారి నంబర్లు ఆమెకు రాసి ఇవ్వండి.